ఆపేసిన గీత

ఒడీల్ ప్రీజాన్ చేతిలో పడ్డ గీత ఏదీ తెగిపోయి బయటికి వెళ్లదని పేరు. ఈ మాట ఆమె చెప్పుకున్నది కాదు. తన గురించి తాను చెప్పుకోవడానికి నోరు తెరిచే మనిషే కాదు ఆమె. సాన్ సుల్పీస్ చర్చి వెనక సందులో, వాకిలి దాటి లోపలికి వెళితే పెలిస్యే గారి బ్లాకుల కార్ఖానా ఉండేది. ఆ చుట్టుపక్కల అచ్చుపని మీద బతికేవాళ్లంతా అనుకునే మాట అది. బొమ్మలో గీత ఎక్కడైనా చెదిరితే, ఒడీల్ బల్ల మీద పెట్టండి, రేపటికి అతుక్కుంటుంది అనేవాళ్లు. విరిగిన ఎముకలు కట్టే వాళ్ల గురించి మాట్లాడినట్టే ఉండేది.

పని చూడ్డానికి చిన్నది. పత్రికలో వేయవలసిన బొమ్మను ముందు కెమెరాతో గాజుపలక మీదికి ఎక్కిస్తారు. అక్కడ నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపవుతుంది. ఆ పలక ఒడీల్ బల్ల మీదికి వస్తుంది. దుమ్ము పడిన చోట ఏర్పడే సన్న చుక్కలను ఆమె రంగుతో మూసేస్తుంది. సిరా పలచబడి తెగిన గీతలను ఉక్కుసూదితో గీకి కలుపుతుంది. తర్వాత ఆ పలకను జింకు రేకు మీద పెట్టి, వెలుగు చూపించి, యాసిడ్‌లో ముంచితే గీతలు మాత్రం నిలబడతాయి, తక్కినదంతా యాసిడ్ తినేస్తుంది. ఆ నిలబడ్డ గీతలే బ్లాకు. సిరా పూసి కాగితం మీద అద్దితే బొమ్మ.

ఈ పని ఆమెకు తండ్రి నేర్పాడు. ఆయన సముద్రపు పటాలు చెక్కేవాడు. గీత తెగితే ఓడ రాతికి కొట్టుకుంటుంది అని చెప్పి, పదేళ్ల పిల్ల వేళ్ల మధ్య సూది పెట్టాడు. మొదలైన గీత ఇల్లు చేరాలి, అంతే, అనేవాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది కానీ ఆ మాట మాత్రం కూతురి చేతిలో ఉండిపోయింది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఒడీల్ ప్రకటనల్లోని నీళ్ల పంపుల గీతలు, నడికట్ల గీతలు, దగ్గుమందు సీసాల గీతలు, ఇంటికి చేర్చని గీత లేదు. పెళ్లి చేసుకోలేదు. చేసుకోమని అడిగినవాడొకడు ఉన్నాడట. అతని కోటు గుండీ ఒకటి ఊగుతుంటే మాట వినకుండా గుండీనే చూసిందని, అతను లేచి వెళ్లిపోయాడని కార్ఖానాలో చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. ఆమె కాదనేదీ కాదు, అవుననేదీ కాదు.

అలాంటి మనిషి బల్ల మీదికి ఫ్యాషను బొమ్మ వస్తే మాత్రం కాళ్లూ చేతులూ ఆడేవి కావు. మధ్యాహ్నం ఉల్లిపాయ చారు తాగాక వేడినీళ్లతో రెండుసార్లు చేతులు కడుక్కుని గానీ ఆ పలకను ముట్టుకునేది కాదు. అందులోనూ పత్రికకు బొమ్మలు గీసే సెవ్రాక్ గారి బొమ్మయితే అసలు పని మొదలుపెట్టే ముందు పావుగంట ఊరికే చూస్తూ కూర్చునేది. పెలిస్యే గారు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. ఆయన మంచివాడే. ఆ సంగతి ఆయనే అందరికీ చెప్పేవాడు కూడా.

సెవ్రాక్ గారి బొమ్మల్లో ఒడీల్ గీతలు లెక్కపెట్టుకునేది. గొడుగు మూస్తూ మెట్లెక్కుతున్న మనిషి ఒకామె, పంతొమ్మిది గీతలు. ఆ పంతొమ్మిదిలో గొడుగుకు ఆరు, టోపీకి మూడు, కోటుకు ఏడు, కాళ్లకు మూడు. మరి వాన ఎక్కడుంది? బొమ్మలో వాన కురుస్తోంది, తడిసిన ఉన్ని వాసన కూడా వస్తోంది, వానకు మాత్రం ఒక్క గీతైనా లేదు. భూతద్దం పెట్టి వెతికింది. దొరకలేదు. ఆ రోజు ఇంటికి నడిచి వెళుతూ, ఒక మనిషికి ఇంత ఎలా తెలుస్తుందని ఆమె వంతెన మీద నిలబడిపోయింది. పదకొండేళ్లుగా ఆయన బొమ్మలకు పని చేస్తోంది. ఆయనను ఒక్కసారీ చూడలేదు. చూడాలనీ అనుకోలేదు, ఎందుకంటే ఆమెకు భయం.

అది నలభై ఎనిమిదో సంవత్సరం ఫిబ్రవరి. యుద్ధం అయిపోయి మూడేళ్లు కావస్తున్నా రొట్టెకు ఇంకా రేషను చీటీలే. గౌన్లు మాత్రం కిందటేడాది నుంచి ఒక్కసారిగా గంపెడు గుడ్డ మింగుతున్నాయి. అటువంటి నల్లటి సాయంకాలపు గౌను ఒకటి వేసుకుని, భుజం మీదుగా వెనక్కి చూస్తున్న ఆడమనిషి బొమ్మ ఆ వారం వచ్చింది. గీసింది సెవ్రాక్ గారే. అసలు బొమ్మ కార్ఖానాలో ఒక్క గంటే ఉంది. ఆ గౌను కొన్న బ్యూనోస్ ఐరిస్ దొరసాని బొమ్మ కూడా తనకే కావాలందని, కెమెరా పని కాగానే గౌను అమ్మిన వాళ్ల మనిషి వచ్చి పట్టుకుపోయింది. ఒడీల్ చేతికి వచ్చింది గాజుపలక మాత్రమే.

పలకను వెలుగుకు ఎత్తి చూసింది. కుడిపక్కన మెడ నుంచి నేల దాకా ఒకే ఒక్క కుంచె దెబ్బ, మధ్యలో ఎక్కడా తడబడకుండా దిగింది. ఎడమపక్కన చంక కింద ఇంకో గీత మొదలై, పక్కటెముకల దాకా వచ్చి, అక్కడ పలచబడి లేకుండా పోయింది. మళ్లీ ఎక్కడో కింద, అంచు నేలను తాకే చోట, ఒక చిన్న వంపు. మధ్యలో ఏమీ లేదు. నడుమూ లేదు, పిరుదూ లేదు, ఉత్త కాగితం.

అయ్యో, పెద్దాయన కుంచెలో సిరా అయిపోయింది అనుకుంది ఒడీల్. పత్రికవాళ్లు తొందరపెట్టి ఉంటారు, చూసుకోకుండా పంపేశాడు. అంతటి మనిషి పరువు ఇప్పుడు తన బల్ల మీద ఉంది. సూది తీసుకుంది. ఆయన గీత ఎక్కడ లావెక్కుతుందో, ఎక్కడ సన్నగిల్లుతుందో పదకొండేళ్లుగా కంఠతా పట్టిన మనిషి. అతుకు కనిపించకుండా ఉండాలని ఆయన గీత కొస నుంచి కాక ఇంకాస్త పైనుంచి మొదలుపెట్టి, నడుం దగ్గర లోపలికి తీసి, పిరుదు మీదుగా వదిలి, కింది వంపులో కలిపింది. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నానికి అయింది. అయ్యాక చూసుకుంటే ఒళ్లు జలదరించింది. జానెడు మేర తాను సెవ్రాక్ అయింది. ఇంత సంతోషం తనకు ఎప్పుడు కలిగిందో ఆమెకు గుర్తు రాలేదు.

గురువారం పొద్దున తొమ్మిది గంటలకు, అచ్చు వేసి పంపిన ప్రూఫు కాగితం చంకలో పెట్టుకుని సెవ్రాక్ గారు స్వయంగా వచ్చాడు. డెబ్బై దాటిన పొట్టి మనిషి, మెడకు ఉన్ని గుడ్డ, కుడిచెయ్యి కోటు జేబులో. బ్లాకు చేసిందెవరని అడిగాడు. పెలిస్యే గారు, మెచ్చుకోవడానికి వచ్చాడనుకుని, ఛాతీ ముందుకు పెట్టి ఒడీల్‌ని చూపించాడు. ఇరవై ఎనిమిదేళ్ల చెయ్యి అని, ఆ చేతిలో గీత తెగడమన్నది లేదని చెప్పుకుపోతుంటే సెవ్రాక్ గారు ఆయన్ని దాటి వచ్చి ఒడీల్ బల్ల మీద ప్రూఫు పరిచాడు.

"అమ్మా, ఈ గీత ఎక్కణ్ణించి తెచ్చావు?"

"మీదేనండీ," అంది ఒడీల్. "మధ్యలో తెగితే కలిపాను. కుంచెలో సిరా అయిపోయిందేమో అనుకున్నా."

"అయిపోలేదు. ఆపేశాను."

ఒడీల్‌కి ఆ మాట తలకెక్కలేదు. గీత తెగుతుంది, అది ఆమెకు తెలుసు. తెగినది కలుస్తుంది, అదీ తెలుసు. ఆపడం అనేది ఒకటుందని ఈ నలభై ఆరేళ్లలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎందుకాపారని అడిగితే, అక్కడ ఏమీ లేదు కనక ఆపానన్నాడు. కోపంగా అనలేదు, వానొస్తోంది అన్నంత మామూలుగా అన్నాడు.

పెలిస్యే గారు మధ్యలో దూరి, ఇప్పుడూ బాగానే ఉంది కదండీ, పైగా నిండుగా ఉంది అన్నాడు.

"ఉంది. పెట్టెలో కూరిన కోటంత నిండుగా ఉంది," అన్నాడు సెవ్రాక్ గారు.

మళ్లీ గీసిస్తే గంటలో బ్లాకు చేసిస్తామని పెలిస్యే గారు అనేలోగానే ముసలాయన జేబులోంచి కుడిచెయ్యి బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. అది బల్ల మీద కూడా ఆగలేదు. గోళ్లు చెక్కకు తగిలి టకటకా కొట్టుకున్నాయి. యుద్ధం చివరి శీతాకాలం నుంచి ఇంతేనట. ఎప్పుడో ఒక పొద్దున మాత్రం, ఎందుకో తెలియకుండా, చెయ్యి నిలుస్తుందట. ఆ నిలిచిన పొద్దున గీసిన బొమ్మ ఇది. మళ్లీ అలాంటి పొద్దున ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో. పత్రికను నడపడానికి కొత్తగా వచ్చిన పెద్దావిడ ఫొటోలు చాలు, బొమ్మలెందుకు అంటోంది. ఈ ఒక్క పేజీ చూసి తేలుస్తానంది. అచ్చాఫీసుకు బ్లాకు చేరవలసింది సాయంత్రం నాలుగింటికి.

ఒడీల్‌కి అప్పుడు అర్థమైంది. తాను పూజించే చేతిని తానే నరికింది, అదీ ప్రేమతో.

దారి ఒకటే ఉంది. గాజుపలక మీద గీకిన చోటును రంగుతో మూస్తే అంచు మొద్దుగా వస్తుంది. జింకు మీద గీతను కలపడం కష్టం కానీ తీసేయడం తేలిక. సన్న ఉలితో చెక్కేస్తే చాలు, చెక్కినచోట సిరా అంటదు. కానీ ఎక్కడిదాకా చెక్కాలి? ఆయన గీత ఎక్కడ అయిపోయింది, ఈమె గీత ఎక్కడ మొదలైంది? సెవ్రాక్ గారు భూతద్దం పట్టుకుని బ్లాకు మీద వంగాడు. చాలాసేపు చూశాడు. ఒడీల్ వంగింది. గాజుపలక తెచ్చి వెలుగుకు పెట్టి చూశారు. అక్కడా అంతే. ఆయన కొసను ఆమె తన సూదితోనే చెరిపేసుకుంది కదా.

"నా చెయ్యే గీసిందని నేను కోర్టులో ప్రమాణం చేసేట్టున్నా," అన్నాడు ఆయన. "ఎక్కడ అతికావో చెప్పు తల్లీ."

"నాకూ తెలీడం లేదండీ," అంది ఒడీల్.

అతుకు కనిపించకుండా అతకడం ఆమె జీవితమంతా నేర్చుకున్న విద్య. ఆ విద్యే ఇప్పుడు ఆమె గొంతు మీద కూర్చుంది. పోనీ ఎక్కడ ఆపారో గుర్తు తెచ్చుకోండి అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆపేటప్పుడు కాగితం చూడనని, మనిషినే చూస్తానని చెప్పాడు. అయితే ఆ మనిషిని పిలిపించండి అంది ఒడీల్. అన్నాక తన గొంతు విని తానే ఉలిక్కిపడింది. కార్ఖానాలో ఆమె ఒకరికి పని చెప్పడం అదే మొదటిసారి.

ఆ గౌను తొడుక్కుని నిలబడిన పిల్ల పేరు జిస్లేన్. బెల్‌విల్‌లో బొగ్గుల కొట్టువాడి కూతురు. పెద్ద కొట్లో ఇలా గౌన్లు తొడిగి చూపించే పనిలో ఉంది. టెలిఫోను చేస్తే మధ్యాహ్నం భోజనాల వేళ వస్తానంది. వచ్చింది, చేతిలో సగం తిన్న హెరింగు చేప రొట్టె, తల మీద పాత ఉన్ని టోపీ. ముక్కు చలికి ఎర్రగా ఉంది. వీధిలో ఎదురైతే ఎవరూ రెండోసారి చూడరు. ఒడీల్ నిరుత్సాహపడింది. ఇన్నేళ్లుగా తాను గీతల్లో చూసిన ఆడవాళ్లలో ఎవరి ముక్కూ చలికి ఎర్రబడలేదు మరి.

"గౌను అర్జెంటీనా పోయింది, నేనేమో ఇక్కడ చలికి చస్తున్నా," అంది జిస్లేన్ రొట్టె నములుతూ. "ఎక్కడ నిలబడమంటావు తాతా? యాసిడ్ తొట్లో తప్ప."

కెమెరా గదిలో ఉత్తరపు కిటికీ ఉంది. దాని ముందు నిలబడమన్నారు. గౌను లేదు కదా అని పెలిస్యే గారు బ్లాకులు చుట్టే ముతక గుడ్డ తెచ్చాడు. ఆ పిల్ల దాన్ని వాసన చూసి పక్కన పడేసింది. కోటు విప్పింది, మోచేతుల దగ్గర మాసిక వేసిన నీలం ఉన్ని గౌనుతో వెళ్లి నిలబడింది. రొట్టె ఆఖరి ముక్క మింగింది. చేతులు తుడుచుకుంది. ఆ తర్వాత ఏం చేసిందో ఒడీల్ చెప్పలేకపోయింది. బరువు ఒక కాలి మీదికి వెళ్లింది, మెడ లేచింది, భుజం మీదుగా వెనక్కి చూసింది. అంతే.

గదిలో పదిమీటర్ల నల్లపట్టు వచ్చి నిలబడింది. ఒడీల్ కళ్లు నులుముకుంది. మాసికల గౌను అక్కడే ఉంది, అది కనిపిస్తూనే ఉంది. కానీ ఆ పిల్ల నడుం చుట్టూ లేని గుడ్డ బరువును మోస్తోంది, వెనక నేల మీద లేని అంచును తొక్కకుండా పాదం పక్కకు పెట్టింది. చెయ్యి ఒక జాన దూరంగా పట్టుకుంది, మధ్యలో ఆ పట్టు మడతలు నలగకూడదని. ఇన్నాళ్లూ ఆ అందమంతా సెవ్రాక్ గారి కుంచెలో ఉందనుకుంది ఒడీల్. సగం ఇక్కడుంది, బొగ్గులకొట్టు పిల్ల వెన్నెముకలో. వర్షం ఎక్కడుందో కూడా ఆ క్షణాన ఆమెకు తెలిసిపోయింది. గొడుగు మూసిన ఆ మనిషి భుజాల్లో ఉంది. ఒడీల్ చేతులు జోడించబోయి, చేతిలో ఉలి ఉండడం చూసి ఆగింది.

సెవ్రాక్ గారు పక్కనే నిలబడి మెల్లగా, ఎడమపక్క చూడు అన్నాడు. కిటికీ వెలుగు ఆ పక్క నుంచే వస్తోంది. భుజం కింద నీడ ఉంది, నీడ ఉన్నంత మేర అంచు కనిపిస్తోంది. ఇంకాస్త కిందికి దిగితే వెలుగు ఒంటినీ కిటికీనీ కలిపేసింది. అక్కడ నిజంగానే గీత లేదు. మనిషి ఉంది, నడుం ఉంది, గీత మాత్రం ఎక్కడా లేదు. ప్రపంచంలో ఎక్కడా లేని గీతను తాను అక్కడ గీసింది.

బ్లాకును తోలు దిండు మీద పెట్టుకుని ఒడీల్ కిటికీ పక్కనే కూర్చుంది. కింది నుంచి మొదలుపెట్టింది. అది తనదేనని ఖాయంగా తెలిసిన చోటు. పిరుదు మీద తాను వదిలిన ఆ వంపు, పూటంతా కూర్చుని సాధించినది, ఉలి మొనకు చిన్న చిన్న వెండి తునకలుగా లేచి ఒళ్లోకి రాలింది. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. తీసేకొద్దీ బొమ్మలో మనిషి తరిగిపోవాలి కదా, తరగలేదు. వేలెడు మేర తీసేసరికి బొమ్మలోని ఆమె ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించింది. ఇంకో వేలెడు తీసేసరికి గౌనుకు గాలి తగిలింది. ఒడీల్ ఆగి సెవ్రాక్ గారి వైపు చూసింది. ఆయన మొహం కూడా తనలాగే వెలిగిపోతోంది. ఇంత పని చేసిన ముసలివాడు కూడా మొదటిసారి చూస్తున్న వాడిలాగే చూస్తున్నాడు.

నడుం దాటింది. పక్కటెముకల దగ్గరికి వచ్చింది. ఇక్కడి నుంచి పైన ఉన్నది ఎవరిదో తెలియదు. జింకు మీద ఒకసారి చెక్కితే మళ్లీ పెట్టడం లేదు.

"ఇంకాస్త," అన్నాడు సెవ్రాక్ గారు.

చెక్కింది. "ఇంకా?"

ఆయన భూతద్దం దించాడు. "ఇక నాకు తెలీదమ్మా. నువ్వే చూడు."

అరగంటగా నిలబడి ఉన్న జిస్లేన్, మెడ తిప్పకుండా, పెదాలు మాత్రం కదిపి, నా కాలికి తిమ్మిరెక్కింది, ఇద్దరూ త్వరగా తేల్చుకోండి అని, ఊపిరి లోపలికి పీల్చింది. పక్కటెముకలు లేచాయి. లేచినప్పుడు ఆ చివరి నీడ కూడా పైకి జరిగింది, వెలుగు ఇంకో గోరంత మింగింది. ఒడీల్ అక్కడ చూసింది, చూసిన చోటే కోసింది. ఎవరినీ అడగలేదు. తర్వాత కొసను మొద్దుగా వదలకుండా, కుంచె కాగితం వదిలేటప్పుడు వెంట్రుకలు విడిపోయినట్టు, మూడు సన్న చీలికలుగా చీల్చింది. ఆ చీలికలు ఆయన ఎలా వేస్తాడో ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరూ లేరు. ఆయనకు కూడా తెలియదు.

ప్రూఫు తీశారు. కాగితం తడి ఆరకముందే సెవ్రాక్ గారు ఎడమచేత్తో పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. జిస్లేన్ కాలు దులుపుకుంటూ వెళ్లి ఆయన భుజం మీదుగా తొంగి చూసి, అబ్బ, నేను ఇంత బాగుంటానా, అని ఊరుకుంది. ఇంకేదో వెటకారం వస్తుందనుకున్నారు, రాలేదు. ఒడీల్ ఒళ్లోని జింకు తునకలను వేలితో ఒక పక్కకు చేరుస్తూ కూర్చుంది.

"నేను ఇంత పైన ఆపి ఉండను," అన్నాడు సెవ్రాక్ గారు.

ఒడీల్ తల వంచుకుంది.

"ఇదుగో, ఇక్కడిదాకా లాగి ఉంటాను." గీత కొసకు గోరంత కింద వేలు పెట్టాడు. "పదేళ్ల కిందటైతే ఆపేవాణ్ణేమో. ఈమధ్య భయం. ఇది ఇలాగే ఉండనీ."

అచ్చుకు సిద్ధం అని ప్రూఫు మూల బొమ్మ వేసిన వాళ్లు సంతకం పెట్టాలి. ఆయన కుడిచేత్తోనే పెట్టాడు. వణుకుతూ వంకర్లు పోయిన ఆ సంతకం పక్కన, నీదీ పెట్టు అని పెన్సిలు ఒడీల్‌కి ఇచ్చాడు. బ్లాకులు చేసేవాళ్లు అక్కడ సంతకం పెట్టే ఆచారం లేదు. పెలిస్యే గారు ఆ ముక్క చెప్పబోయి, ఇద్దరి మొహాలూ చూసి, బ్లాకు కాగితంలో చుట్టే పనిలో పడ్డాడు.

నాలుగింటికి బ్లాకు చేరింది. మర్నాడు పొద్దున అచ్చాఫీసు ఫోర్‌మన్ టెలిఫోను చేసి, మీ బ్లాకులో గీత తెగిందని అరిచాడు. పెలిస్యే గారు గొట్టం ఒడీల్ చేతికిచ్చాడు.

"తెగలేదండీ," అంది ఒడీల్. "ఆపాం."

ఏంటి ఆపేది అని అవతల ఆయన గొణుగుతుండగానే ఆమె గొట్టం పెట్టేసింది.

మార్చి సంచిక వచ్చింది. ఫొటోల మధ్య ఆ ఒక్క బొమ్మ పేజీ. కొత్త పెద్దావిడ బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఏప్రిల్‌లో రెండు పేజీలు ఉంచానని సెవ్రాక్ గారికి కబురు పంపింది. చెయ్యి నిలిచిన పొద్దున చూసి గీస్తానని ఆయన బదులు పంపాడు. కానీ అచ్చుపని సందుల్లో ఇంకో మాట పాకింది. ఒడీల్ చెయ్యి జారిందట, పత్రిక పేజీలోనే జానెడు గీత ఎగిరిపోయిందట, పాపం చూపు తగ్గుతోందట. బైండర్లు ఎదురైతే జాలిగా పలకరించేవాళ్లు. ఇరవై ఎనిమిదేళ్ల పేరు పదిరోజుల్లో పోయింది. పోతే పోయిందని అనుకోవడానికి ఆమె రాయి కాదు. ఒక్కోసారి ముద్ద కూడా దిగేది కాదు. ఆ రోజు గదిలో తనకు కనిపించింది నిజమేనా, ముగ్గురు పిచ్చివాళ్లు కలిసి లేనిదాన్ని ఉందనుకున్నారా అని అనుమానం మొదలైంది. బొమ్మ చూసేవాళ్లంతా ఆ గదిలో నిలబడలేదు కదా. వాళ్లకు కనిపించేది సగం ఊడిపోయిన గౌనేనేమో. మూడు వారాలు ఆ పేజీని ఆమె తెరవలేకపోయింది.

ఏప్రిల్ మొదట్లో కోటు లోపలి గుడ్డ చిరిగితే, తన వీధి చివర ఉండే దర్జీ ఆవిడ మదాం గాల్టియో దగ్గరికి వెళ్లింది. మదాం గాల్టియోకు మూడు మూరల గది, ఒక మిషను, మనుషుల మీద నమ్మకం తక్కువ. లోపల ముందే ఒక గిరాకీ ఉంది, బస్సు ఆఫీసులో పనిచేసే ఆవిడ. పత్రికలోంచి చింపి తెచ్చిన కాగితం బల్ల మీద పెట్టి, ఇలాంటిది బూడిదరంగు ఉన్నిలో, ఇంత గుడ్డ పట్టకుండా కుట్టమని బేరమాడుతోంది. ఒడీల్ చూసింది. అదే పేజీ.

నోరు మూసుకుని కూర్చోవాలనుకుంది. కూర్చోలేకపోయింది.

"ఈ పక్క గీత లేదు కదండీ," అంది. "కుట్టు ఎక్కడొస్తుందో ఎలా తెలుస్తుంది?"

మదాం గాల్టియో కళ్లజోడు మీదుగా ఆమెను చూసింది. "లేకపోవడమేంటి?"

సూదులు గుచ్చుకుని గరుకెక్కిన చూపుడువేలు పక్కటెముకల దగ్గర పెట్టింది. తెల్ల కాగితం మీద కిందికి లాగింది. నడుం దగ్గర లోపలికి తిరిగింది, పిరుదు మీదుగా వదిలింది, ఎక్కడా ఆగలేదు, తడుముకోలేదు, అంచు దగ్గరి వంపులో తిన్నగా వెళ్లి కలిసింది.

"ఇదిగో," అంది. "ఎంత బాగా కనిపిస్తోంది."

బస్సు ఆఫీసు ఆవిడ కూడా వంగి చూసి, అవునండీ, లేదంటారేంటి అంది. ఒడీల్ ఆ ఉత్త కాగితం మీదికి ఇంకా దగ్గరగా వంగింది. ఆ వేలు వెళ్లిన దారి ఆమెకు తెలుసు. అది తాను ఒక పూటంతా కూర్చుని గీసి, మధ్యాహ్నం కూర్చుని చెక్కి పారేసిన దారే, వెంట్రుకవాసి తేడా లేదు.